కాచితే చిక్కబడేది

మా నాయన చేసిన ఒక పనిని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆ పనికి ఆయన చూపిన కారణంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అబద్ధమే అయివుంటే నేను ముందుగానే పట్టుకొని ఉండేదాన్నేమో. అబద్ధాలను పట్టుకోవడం నేను నేర్చుకున్న విద్య.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. ఎవరు ఏ మాట చెప్పినా ‘ఎంత? ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు?’ అని అడిగే అలవాటు తరగతి గదిలో మొదలై, మెల్లగా ఇంటికి, బంధువుల పెళ్లిపందిళ్లకు, ఫోనులోని కుటుంబం గ్రూపుకు కూడా పాకింది. ఫలానా ఆకు నమిలితే షుగరు పోతుందని వీడియో పంపి, నా ప్రశ్న వచ్చేలోపే దాన్ని తీసేసే మేనమామలు నాకున్నారు. నాయన మాత్రం నా ప్రశ్నలకు ముచ్చటపడేవాడు. ధర్మవరంలో మగ్గం మీద పెరిగి, తర్వాత మగ్గం దిగి పెనుకొండలో చిన్న చీరల దుకాణం పెట్టుకొని, మోకాళ్లు మొరాయించాక దాన్నీ మూసేసి, ఇంటి వెనుక కొట్టంలో ఒక ఆవును పెంచుకుంటూ కాలక్షేపం చేస్తున్న మనిషి ఆయన. “మా పెద్దమ్మి చూడకుండా ఏదీ నమ్మదు” అని వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పేవాడు.

మా ఇంటి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండవలసిన దానికంటే ఎక్కువ. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. కళాశాల ప్రయోగశాలలో నేనే పరీక్షించాను. నా చేతి మీద నాకే అనుమానం కలిగి మరోచోట కూడా పరీక్ష చేయించాను. నాకూ చెల్లెలికీ పళ్ల మీద చిన్నప్పటి నుంచే గోధుమరంగు చారలు. ఫోటోల్లో ఇద్దరం పెదవులు మూసుకొని నవ్వుతాం. నాయనకు మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాల్సిందే. అది ఫ్లోరైడు పనా, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న ఏళ్ల పనా, వయసు పనా అన్నది ఏ వైద్యుడూ నాకు విడదీసి చెప్పలేకపోయాడు. నాయనకు మాత్రం ఆ విషయంలో సందేహమే లేదు.

ఇంట్లో అందరూ ‘పాప’ అని పిలిచే చెల్లెలిని ధర్మవరంలో నేతపనివాళ్ల ఇంటికే ఇచ్చాం. పెళ్లయిన కొన్నేళ్లకు ఒక కడుపు నిలిచింది గానీ దక్కలేదు. ఆ తర్వాత చాలా కాలానికి మళ్లీ నిలిచింది. ఏడో నెలలో పెనుకొండకు, పుట్టింటికి తీసుకొచ్చాం. పుట్టబోయే బిడ్డకు మా పళ్లు, తన మెడ రాకూడదన్నదే ఆ వేసవిలో నాయనకున్న ఒకే ఒక ధ్యాస.

ఆదివారాలు నేను హిందూపురం నుంచి రైలెక్కి వాళ్లను చూడటానికి వచ్చేదాన్ని. అలాంటి ఒక ఉదయం నాయనతో కలిసి వీధి చివరి వాటర్ ప్లాంటుకు వెళ్లాను. అక్కడ క్యాన్ల వరుస కంటే మాటల వరుస పొడవుగా ఉంది. ప్లాంటు నడిపే ఆయన పెన్నులాంటి మీటరును ముందు బోరు నీళ్లలో, తర్వాత తన నీళ్లలో ముంచి, అంకె ఎలా పడిపోయిందో అందరికీ చూపిస్తున్నాడు.

“చూడండప్పా, విషమంతా యాడికి పాయనో!”

ఊరుకోలేకపోయాను. “అది ఫ్లోరైడు కొలిచేది కాదన్నా. నీళ్లల్లో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంకె చూపిస్తాది, అంతే.”

“అట్లయితే నా నీళ్లల్లో ఫ్లోరైడు ఉండాదంటావా?”

“ఉండాదనలేదు. లేదని ఆ పెన్ను చెప్పలేదంటాండా.”

“ఈయమ్మతో పెట్టుకోగాకప్పా,” అన్నాడు క్యాను మీద కూర్చున్న ఒక పెద్దాయన. “మనం సచ్చినామన్నా సర్టిఫికెట్ చూపించమంటాది.”

అందరూ నవ్వారు, నాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వు సద్దుమణగకముందే లుంగీ కట్టుకున్న ఇంకొకాయన అందుకున్నాడు. “మా తాత ఈ ఊరి నీళ్లే తాగి తొంబై ఏండ్లు బతికె. ఆయప్పకు ఏమాయ?”

“మీ తాత నీళ్లు యాడ తాగెనప్పా? తాగిందంతా సారాయే గదా!”

“నవ్వేది గాదు. ఫారిన్లో అయితే ఫ్లోరైడును వాళ్లే నీళ్లల్లో కలుపుతారంట. ఇప్పుడేమో కలపద్దని కొట్లాడ్తాండారు. పచ్చిపాలు అమ్ముకోనీమని కూడా కొట్లాడ్తాండారు. నా ఫోన్లో వచ్చింది, తెలుగులోనే చెప్పినారు.”

“ఆడ కలిపేది, ఈడ తీసేది. ఎవురబ్బా మనలో తిక్కోళ్లు?”

ఇద్దరూ తిక్కవాళ్లు కాకపోవచ్చని, జవాబంతా ‘ఎంత’ అన్న చిన్న మాటలో ఉందని చెప్పాలనుకున్నాను. ఒక దేశంలో కొద్దిగా కలిపిన నీళ్ల మీద జరిగే వాదన, రాతినేల లోతుల్లోంచి తోడిన నీళ్లు తాగే మా ఊరికి చేరేసరికి దేశమూ పరిమాణమూ రెండూ రాలిపోయి, ఒట్టి కోపం మాత్రమే మిగులుతోంది. కానీ అప్పటికే మాట పచ్చిపాల మీదికి, ప్యాకెట్ పాలలో ఏమేమి కలుపుతారన్న దాని మీదికి మళ్లింది. చివరికి అందరూ గౌరవించే ఒక రిటైర్డు మాస్టారు చేతిసంచి కింద పెట్టి, నల్లబల్ల ముందు నిలబడినట్టే నిలబడి చెప్పారు.

“ఒక్కమాట వినండి. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, అది అడుగునే ఉంటుంది. కాచేకొద్దీ చిక్కబడుతుంది. ఊరికే గ్యాసు తగలబెట్టుకోవద్దు.”

నాయన మనిషంతా తిరిగి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ ఉదయం అక్కడ వినబడిన మాటలన్నిటిలోనూ సరిచేయాల్సిన అవసరం లేని మాట అదొక్కటే.

తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే పని పడి కొన్ని వారాలు పెనుకొండకు పోలేకపోయాను. మళ్లీ వెళ్లింది ఒక సాయంత్రం. ఎండ ఇంకా గోడల మీద కాలుతోంది. నాయన పడసాలలో గోడకు ఆనుకొని, దుప్పటి కప్పుకొని వణుకుతున్నాడు.

“సాయంత్రమైతే సాలు, ఇట్లనే,” అంది అమ్మ. “తెల్లారేతలికి చెమట్లు పోసి తగ్గిపోతాది. డాక్టరు దగ్గరికి పోదాం పా అంటే కదలడు.”

“ఫ్లోరైడు నొప్పులులేమ్మా,” అన్నాడు నాయన. “కీళ్లల్లో కూసున్యాది. ఇన్నేండ్లు తాగినాం గదా, యాడికి పోతాది!”

కీళ్లనొప్పి వరకు ఆ మాటలో తర్కం ఉంది. జ్వరం దగ్గర అది తెగిపోతుంది. ఫ్లోరైడుకు సాయంత్రం జ్వరం రాదు. ఆ సంగతి చెప్పబోతూ చెల్లెలి వైపు చూశాను. మంచం మీద దిండుకు ఆనుకొని ఉంది. పక్కన స్టూలు మీద గ్లాసు నిండా పాలు. పైన నురగ ఇంకా అణగలేదు. కాచిన పాల మీద అలాంటి నురగ ఉండదు.

“కాచినారా ఇవి?”

“లేదక్కా. నాయన కాచనీడు.”

“గుమ్మపాలమ్మా,” అన్నాడు నాయన, దుప్పటిలోంచే. పొదుగు నుంచి పిండి, ఆ వేడి ఆరకముందే తాగే పాలను మా వైపు అలాగే అంటారు. “బలానికి మంచిది. మా అవ్వ నాకు పోసేది. ఇప్పుడు ఫోన్లో దొరలు కూడా అదే చెప్తాండారు.”

“అవ్వ పోసిందనా నువ్వు పోస్తాండావు?”

“అందుకు గాదు.” ఆయన కొంచెం నిటారుగా కూర్చున్నాడు. కళ్లలో జ్వరంతోపాటు ఒక వెలుగు కూడా ఉంది, లెక్క చేసి జవాబు రాబట్టిన విద్యార్థి కళ్లలో కనిపించేది. “మన ఆవు తాగేది ఏ నీళ్లు? బోరు నీళ్లే గదా. క్యాను నీళ్లు దానికి యాడ పోస్తాం? పాలల్లో ముక్కాలు వంతు నీళ్లే. నీళ్లు కాచితే చిక్కబడేది, పాలు కాచితే చిక్కబడదా? మాస్టారు చెప్పె, నువ్వూ తల ఊపితివి. అందుకని పాపకు మాత్రం కాచకుండా ఇస్తాండాం. మాకు కాఫీలకు కాచినవే. మా పళ్లు ఎట్లా పోయె. లోపల ఉండే బిడ్డకు యాల పోవల్ల?”

ఆయన ఇంకా చెప్పాడు.

“ఊరికే ఇయ్యలేదు మా. నువ్వు చెప్పినట్లే పరీక్ష చేస్తి. ముందు నేను తాగితి. కడుపునొప్పి లేదు, వాంతి లేదు, ఏమీ లేదు. ఆ మీదనే దానికి ఇస్తి.”

ఒక మనిషి, కొన్ని రోజులు, కడుపు మాత్రమే చూసి ముగించిన పరీక్ష. నా పద్ధతిని ప్రేమతో అనుకరించి చేసిన పరీక్ష. నేను గ్లాసు మీది నురగ నుంచి కొట్టం వైపు చూశాను.

“దూడ యాడుండాది నాయనా?”

కిందటిసారి వచ్చినప్పుడు ఆవు చూలుతో ఉందని నాకు గుర్తు.

“దూడ దక్కలేదులేమ్మా. నెలలు నిండకనే ఈసుకుపాయ. కడుపుతో ఉండే పాప ముందర ఆ మాట ఎత్తద్దంది మీ అమ్మ. నేనే ఎత్తుకపోయి చేన్లో పూడిస్తి.”

“ఒట్టి చేతులతోనా?”

“దూడనెత్తేదానికి గ్లౌజులు తొడుక్కుంటారేందే!” అని నవ్వబోయి, వణుకు వచ్చి ఆగిపోయాడు.

పశువుల్లో గర్భాలు పోగొట్టే ఒక జబ్బు ఉంది. పశువుల వైద్యులు బ్రూసెల్లోసిస్ అంటారు. అలా నెలలు నిండక జారిపోయిన దూడను, దాంతో పడిన మాయను ఒట్టి చేతులతో తాకితే మనుషులకు సోకుతుంది. పచ్చిపాలు తాగినా సోకుతుంది. సాయంత్రాల జ్వరం, తడిసిపోయే చెమటలు, కీళ్లనొప్పులు దాని గుర్తులు. కాచితే ఆ సూక్ష్మజీవి చస్తుంది. గర్భిణికి సోకితే బిడ్డ దక్కకుండా పోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ నాకు ఒకదాని తర్వాత ఒకటి గుర్తు రాలేదు. అన్నీ ఒక్కసారే వచ్చి ఆ గ్లాసు చుట్టూ నిలబడ్డాయి. చెల్లెలు నా ముఖం వైపు చూస్తోంది. అంతకుముందు ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి ముందు నేను చేయగలిగిన పని ఒక్కటే కనిపించింది. గ్లాసు తీసుకొని వంటింట్లోకి నడిచాను. నాయన గోడ పట్టుకొని నా వెనకే వచ్చాడు.

“ఏమాయనమ్మా?”

తలుపు దగ్గరగా వేసి ఆ జబ్బు గురించి, పచ్చిపాలలో దాని పురుగు ఉండొచ్చని మెల్లగా చెప్పాను. ఆవు తాగిన ఫ్లోరైడులో చాలాభాగం దాని ఎముకల్లోకి పోతుందని, పాలలోకి వచ్చేది బహు స్వల్పమని, ఆ స్వల్పాన్ని ఒక పొంగు కాచినా పెరిగేదేమీ ఉండదని. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“ఎవురు కొలిచినారు?” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నా దగ్గర నేర్చుకున్న ప్రశ్నను నన్ను అడిగాడు.

“కొలిచినారు నాయనా. శానామంది కొలిచినారు.”

“మరి ఈ పాలల్లో ఆ పురుగు ఉండాదని ఎవురు కొలిచినారు?”

“ఇంకా ఎవురూ కొలవలేదు.”

ఆయన మనిషంతా స్టవ్ వైపు తిరిగాడు. తర్వాత, “దానికిప్పుడు ఎన్నో నెల?” అని అడిగాడు. ఆయనకు తెలియక కాదు. ఆ ఇంట్లో వేరే లెక్కే జరగడం లేదు.

మరునాడు అందరినీ హిందూపురం తీసుకొచ్చాను. మేము చూపించుకునే డాక్టరమ్మ మాటల మధ్యలో ఆపకుండా అంతా విని, నలుగురికీ రక్తపరీక్ష రాసింది: నాయనకు, చెల్లెలికి, అమ్మకు, ఆదివారాలు అక్కడ కాఫీ తాగుతూ వచ్చిన నాకు కూడా. చెల్లెలికి అప్పుడు పూర్తిగా చెప్పక తప్పలేదు. అది ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకొని, “కదుల్తాండాదక్కా. ఇప్పుడు కూడా కదుల్తాండాది,” అంది, ఎవరో కాదన్నట్టు.

రక్తం ఇచ్చి వాళ్లు తిరిగి వెళ్లిపోయాక, పెనుకొండలో ఆవు రక్తాన్ని పశువుల డాక్టరు తీసుకెళ్లాడు. ఫలితాలు రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. ఆ రోజుల్లో నేను ధర్మవరం వెళ్లాను. చెల్లెలి భర్తకు ఈ సంగతి ఫోనులో చెప్పలేను.

ఆయన మగ్గం మీద ఉన్నాడు. గుంతలో కాళ్లు, ముందు సగం నేసిన చీర, పక్క మగ్గం మీద ఆయన చిన్నాన్న. నన్ను చూడగానే ఇద్దరి ముఖాలూ విప్పారాయి.

“రాండి వదినా, కూసోండి. పాప ఎట్లుండాది? మా మామ ఆవు పాలు బాగా పట్టిస్తాండాడంటనే?”

“మన ఇంట్లో ఎప్పుడూ ప్యాకెట్టే గదమ్మా,” అన్నాడు చిన్నాన్న. “కాచినా ఒకటే, కాచకపోయినా ఒకటే. అవి పాలైతే గదా పొంగేది!”

నేను నవ్వలేదు. మరిది చేతులు ఆగాయి. నేను చెప్పవలసింది చెప్పాను, తగ్గించకుండా, పెంచకుండా. ఆయన గుంతలోంచి ఒక్కొక్క కాలే పైకి తీసి, లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

“బిడ్డకేమన్నా అవుతాదా?”

“తెలీదు.”

“ఊర్లో ఏదడిగినా అందరూ ఏదో ఒకటి చెప్తారు వదినా. మీరు తెలీదంటాండారు. మీరు తెలీదంటేనే నాకు ఎక్కువ భయం.” గొంతు పెరిగింది. “మామకు బుద్ధి ఏమాయ? అడిగితే చెప్పే మనిషి ఇంట్లోనే ఉండె గదా, ఒక్కమాట అడిగుంటే ఏమి పాయ?”

“అడగాలని ఆయనకు అనిపించలేదప్పా. తను చేసింది సరైన పనే అనుకున్యాడు.”

“మా అమ్మకు చెప్పద్దండి. చెప్తే ఈ పొద్దే పోయి కోడల్ని పిల్చుకొచ్చేస్తాది. మీ నాయన ముఖం కూడా చూడదు.” ఆ మాట అన్నాక ఆయనే సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. మళ్లీ మగ్గం ఎక్కలేదు. నేను వెళ్లేదాకా వాకిట్లో నిలబడే ఉన్నాడు. చిన్నాన్న మగ్గం కూడా ఆగిపోయింది.

మొదట ఆవు ఫలితం వచ్చింది. జబ్బు ఉంది. తర్వాత మా నలుగురివీ. నాయనకు ఉంది. అమ్మకు, నాకు లేదు. చెల్లెలికి లేదు.

‘లేదు’ అన్న మాట చూసి అమ్మ దేవుడి పటం వైపు తిరిగింది. నేను డాక్టరమ్మ వైపు తిరిగాను.

“ఈ రోజుకు లేదు, అంతే,” అందామె. “సోకినా రక్తంలో కనబడటానికి కొంతకాలం పట్టొచ్చు. మళ్లీ చేయాలి. అంతవరకు జ్వరం చూస్తూ ఉండండి. ఏమాత్రం వచ్చినా వెంటనే తీసుకురండి.”

నాయనకు పాల వల్ల సోకిందా, దూడను ఎత్తిన చేతుల వల్ల సోకిందా అని అడిగాను. రెండింటిలో ఏదైనా కావచ్చునని, విడదీసి చెప్పే మార్గం లేదని అంది. ఆ జవాబును నేను తర్వాతి ఆదివారం రైల్లో వచ్చే దారంతా పట్టుకొని కూర్చున్నాను. చేతుల వల్లనే అయితే పాలలో అంత ప్రమాదం లేకపోయి ఉండొచ్చు. పాల వల్ల అయితే చెల్లెలు అవే పాలు తాగింది. ఒకే పరీక్ష ఫలితానికి రెండు అర్థాలు. ఆ రెండో అర్థానికి మొదలూ చివరా నేనే ఊహించుకుంటూ పెనుకొండలో దిగాను.

వీధిలో మా సంగతి అప్పటికే పాకింది. వాటర్ ప్లాంటు దగ్గర నాకు కొత్త దృశ్యం ఎదురైంది. లుంగీ ఆయన క్యాను పట్టుకోకుండా ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు.

“క్యాను మానేస్తిమమ్మా. బోరు నీళ్లే బాగా కాచి తాగుతాండాం. కాచితే ఏ పురుగైనా సస్తాదంట గదా. మీ ఇంట్లో జరిగిందాన్ని చూసి మాకు బుద్ధొచ్చె.”

ఒక వీధి మొత్తం ఒక కుండలో నిజమైన మాటను తీసి ఇంకో కుండలో వేసుకుంటోంది. పురుగు వేరు, ఫ్లోరైడు వేరు; ఒకటి ప్రాణమున్నది, కాచితే చస్తుంది; ఇంకొకటి ప్రాణం లేనిది, కాచితే మిగులుతుంది. చెప్పాను. ఆయన తల ఊపాడు. ఎంత అర్థమై ఊపాడో, ఇంటికి పోయి ఆ మాటను ఇంకే కుండలో వేస్తాడో తెలియక, వెనక్కి పిలిచి మళ్లీ చెప్పాను. అందులో సగం ఆయన నన్ను ఓదార్చడానికి విన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంట్లో నాయన మాత్రలు ముట్టలేదు. వారాల తరబడి రెండు రకాల మాత్రలు వేసుకోవాలని డాక్టరమ్మ రాసింది. పొట్లాలు విప్పకుండా గూట్లోనే ఉన్నాయి. అన్నం కూడా ముందు పెట్టింది పెట్టినట్టే ఉంది.

“ముందు దానికి రెండోసారి చూడనీ. ఆ మీదనే నా సంగతి,” అన్నాడు.

“ఈ మాత్రలకూ దాని పరీక్షకూ సంబంధం లేదు నాయనా. జబ్బు ముదిరితే వెన్నులోకి పోతాది.”

“పోనీ.”

“పోనీ అంటే?”

“నా చేత్తో పోస్తినే మా. రోజూ తెచ్చి చేతికిచ్చి, తాగు తాగు అంటి. ఆ బిడ్డకేమన్నా అయితే నాకు ఈ వెన్నెందుకు, ఈ మెడెందుకు?”

అమ్మ కోప్పడింది, బతిమాలింది. నేను మందుల శాస్త్రం చెప్పాను. గోడకు చెప్పినా ఒకటే. జ్వరం ఎక్కుతున్న మనిషి, మూసిన కళ్లు తెరవలేదు. అప్పుడు చెల్లెలు మంచం దిగి, పొట్ట పట్టుకొని మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

“నాయనా, నేను తాగలేదు.”

ఆయన కళ్లు తెరిచాడు.

“మొదట్లో ఒకటి రెండు దినాలు తాగితి. ఆ వాసన నాకు పడలే. కక్కొచ్చేది. నువ్వు అంత ముచ్చటగా తెస్తాంటే వద్దనలేక, నువ్వు కొట్టంలోకి పోతానే పెరట్లో కరేపాకు చెట్టు మొదట్లో పారబోస్తి.”

“అన్నీనా?”

“అన్నీనే. చెప్తే తిడ్తావని చెప్పలే.”

“దొంగముండా!” అన్నాడు నాయన. ఆ తిట్టు సగంలోనే ఏడుపైంది. నవ్వు కూడా కలిసి ఉందేమో. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా పాలన్నీ కరేపాకు చెట్టుకు పోస్తివేందే!” అంటూనే ఆయన గూటి వైపు చేయి చాచాడు. నేను మాత్ర విప్పి ఇచ్చాను. నీళ్లు క్యానులోంచి పట్టి ఇచ్చాను. మింగాడు.

ఆ వెంటనే నేను పెరటి వైపు నడిచాను. అది నేను ఆలోచించి చేసిన పని కాదు. పాలు పారబోసిన మట్టికి చీమలు పట్టి ఉంటాయి. పులిసిన వాసన ఉంటుంది. తెల్లటి చారలు ఎండి ఉంటాయి. అన్ని రోజులు ఒకే చోట పోసి ఉంటే గుర్తులు పోవు. చూస్తే తెలుస్తుంది. తలుపు గడియ మీద చేయి పెట్టాను. వెనక నుంచి చెల్లెలు నన్ను చూస్తోందని నాకు తెలుసు.

మట్టి పొడిగా, శుభ్రంగా ఉంటే? అప్పుడు నాకు తెలిసేది ఒక్కటే: అది తాగింది, అన్నీ తాగింది, నాయన చేత మాత్ర మింగించడానికి ఆ మాట చెప్పింది. తెలిసిన తర్వాత నా ముఖం దాచుకోవడం నాకు చేతకాదు. నాయన చూస్తాడు. మింగిన మాత్ర మొదటిదీ చివరిదీ అవుతుంది. చెల్లెలి మాటకు అనుకూలంగా నా దగ్గరున్న ఆధారం ఆ సాయంత్రం నిండుగా కనిపించిన గ్లాసు ఒక్కటే. అప్పుడే తెచ్చిన గ్లాసు నిండుగానే ఉంటుంది కదా.

గడియ తీయలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత ఒక వాన పడింది.

రెండో పరీక్షకు ముందు రోజులను నేను వర్ణించలేను. తరగతిలో పాఠం చెబుతూ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయేదాన్ని. ఫోను మోగితే కళాశాల వసారాలో ఎవరూ లేని మూలకు పోయి ఎత్తేదాన్ని. సాయంత్రమయ్యేసరికి అమ్మకు ఫోను చేసి, చెల్లెలి ఒళ్లు వెచ్చగా ఉందా అని అడిగేదాన్ని. థర్మామీటరు పెట్టి చెప్పమనేదాన్ని. పెట్టి చెప్పాక, సరిగ్గా పెట్టారా అనేదాన్ని. బిడ్డ కదలిక తగ్గిందన్న ఒక మధ్యాహ్నం మరిది ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి పరుగెత్తుకొచ్చాం. తీరా చూస్తే బిడ్డ నిద్రపోయిందంతే. ఈ సంగతి తెలిశాక మరిది ఆ రోజే నాయనతో మొదటిసారి మాట్లాడాడు. “మామా, మాత్రలు ఏసుకుంటాండావా?” అని. నాయన తల ఊపాడు. ఇద్దరి మధ్య అంతకంటే జరగలేదు. అదే చాలా ఎక్కువ అనిపించింది నాకు.

రెండో ఫలితం కూడా ‘లేదు’ అనే వచ్చింది. డాక్టరమ్మ ఈసారి నవ్వింది. నేను కాగితం మీద పేరు, తేదీ, రక్తం తీసుకున్న రోజు సరిచూసుకొని, ఆ తర్వాత ఏడ్చాను.

హిందూపురంలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఏడుపు గది బయటికి వినబడింది. నాయన జ్వరం తగ్గి, ఒళ్లు చిక్కి, వరండాలో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. బిడ్డను తెచ్చి చూపిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను ఎత్తుకుంటే అంటుకుంటాదేమో మా.”

“ఎత్తుకుంటే అంటదు నాయనా.”

“కరెక్టుగా తెలుసునా?”

“తెలుసు. డాక్టరమ్మను కూడా అడిగినా.”

చేతులు రెండుసార్లు కడుక్కొని వచ్చి ఎత్తుకున్నాడు. మెడ వంగదు కాబట్టి బిడ్డనే ముఖం దాకా పైకెత్తుకున్నాడు. అందరూ అరిచారు, పడేస్తావని.

ఆవును కొట్టంలో వేరుగా కట్టేశాం. పశువుల డాక్టరు చెప్పినట్టు నడుస్తున్నాం. ఇంట్లోకి దాని పాలు రావు.

బిడ్డకు మూడో నెల వచ్చాక ఒక సాయంత్రం చెల్లెలు పాలిస్తూ, నేను పక్కన మంచం మీద కూర్చొని ఉన్నాం. ఇంట్లో ఇంకెవరూ లేరు. అది బిడ్డ మీది నుంచి చూపు తిప్పకుండానే అంది.

“అక్కా, నువ్వు నన్నొక మాట అడగలే.”

“ఏ మాట?”

“అడుగు. చెప్తా. ఇప్పుడేమీ కాదు గదా.”

నోటి దాకా వచ్చింది. నా జీవితమంతా అలాంటి ప్రశ్నలే అడుగుతూ గడిపాను. కానీ అది చెప్పబోయే రెండు జవాబుల్లో ఒకటి నన్ను మళ్లీ ఆ వంటింట్లోకి, ఆ నురగ అణగని గ్లాసు దగ్గరికి తీసుకుపోతుంది. అక్కడి నుంచి నేను ఇంకోసారి బయటికి రాలేను.

“ఏమీ లేదు,” అన్నాను. “బిడ్డ పడుకున్యాది, ఇట్లియ్యి.”

అది నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, బిడ్డను నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లింది. పొద్దు వాలుతోంది. నేను బిడ్డ నుదుటి మీద అరచేయి ఆనించి చూశాను. చల్లగానే ఉంది. చేయి తీసి, మళ్లీ ఆనించి చూశాను.